పగులు మీద అద్దం

పొద్దున్నే పొయ్యి వెలిగించకముందే అద్దాలక్క తడిగుడ్డ పట్టుకుని వంతెన మీదికి పోయేది. లేవగానే దేవుణ్ణి తలుచుకోవడం, మొహం కడుక్కోవడం, ఆ వెంటనే వెళ్లి అద్దాలు తుడవడం. అవి అయితే గానీ ఆమెకి తెల్లారినట్టు కాదు.

అద్దాలంటే మొహం చూసుకునేవి కావు. వేలెడేసి గాజుముక్కలు. పాత కాంక్రీటు వంతెన గోడల మీదా కమానుల పక్కనా పగులు కనిపించిన చోటల్లా, పగులుకి ఇటో సిమెంటు ముద్ద, అటో సిమెంటు ముద్ద పెట్టి, ఆ రెంటి మీదా ఒక గాజుముక్కని అతికించి ఉంచారు. దూరం నుంచి చూస్తే ముసలావిడ ఒంటి మీద పట్టీలు వేసినట్టు ఉండేది. రోడ్డన్నాక దుమ్ము పడుతుంది, వానొస్తే బురద చిందుతుంది. ఆమె ఒక్కో గాజునీ తుడిచి, నోటితో ఊది, మళ్లీ తుడిచి, తల పక్కకి వాల్చి మెరుస్తోందో లేదో చూసుకుని ఇంటికి తిరిగొచ్చేది.

బడిపిల్లలు చూసి చూసి ఆమెకి అద్దాలత్త అని పేరు పెట్టారు. పెద్దవాళ్లకి అద్దాలక్క అయింది. అసలు పేరు ఆమె మొగుడికైనా గుర్తుందో లేదో. ఆయన ఎప్పుడూ "ఏమే" అనేవాడు.

ఆయన రోడ్డు గ్యాంగు మేస్త్రి. గుంటలు పూడ్చడం, పక్కన పిచ్చిమొక్కలు కొట్టించడం, వానలకి కొట్టుకుపోయిన అంచులకి మట్టి పోయించడం ఆయన పని. వంతెనకి ఈవలి ఒడ్డున, రోడ్డుని ఆనుకునే, రోడ్ల ఆఫీసువాళ్లు ఇచ్చిన ఒక గదీ, ముందు వరండానూ వాళ్ల ఇల్లు. వరండాలో సగం పారలూ, గమేళాలూ, బోర్లించిన తారు డ్రమ్ములూ ఉండేవి. మిగిలిన సగంలో ఆమె ఆరేసిన బట్టలు. ఎంత ఉతికినా ఆ ఇంట్లో దుప్పట్లకి తారు వాసన పోదు. కొత్తలో ఆ వాసనకి ఆమెకి నిద్ర పట్టేది కాదట. ఇప్పుడు ఎక్కడికైనా చుట్టపుచూపుగా పోతే, ఆ వాసన లేక నిద్ర పట్టదు.

వంతెన చాలా ముసలిది. కట్టేటప్పుడు చూసినవాళ్లెవరూ లేరు, వాళ్ల నోట విన్నవాళ్లు మాత్రం ఒకరో ఇద్దరో మిగిలారు. ఏటి మీద రెండు కమానులు, భుజానికి భుజం ఆనించి నిలబడ్డ అన్నదమ్ముల్లా ఉంటాయి. కిందికి దిగి తలెత్తి చూస్తే, కాంక్రీటు పోసిననాడు వేసిన చెక్కల గీతలు ఇంకా దాని మీద కనిపిస్తాయి. ఆ చెక్క ఏనాడో ఎవరి పొయ్యిలోనో కాలిపోయి ఉంటుంది, దాని కణుపులు మాత్రం అక్కడ పదిలంగా ఉన్నాయి. రెయిలింగు స్తంభాలకి గుండ్రటి తలలు. అక్కడక్కడా, బండి వస్తే నడిచేవాళ్లు తప్పుకోవడానికి, పక్కకి చిన్న అరుగుల్లాంటి చోట్లు. ఒకసారికి ఒక్క బండే పడుతుంది. ఎదురుగా ఇంకోటి వస్తే ఎవరో ఒకరు ఆగాలి. దాటి వచ్చినవాడు ఆగినవాడికి చెయ్యెత్తి ఓ చిరునవ్వు నవ్విపోతాడు. ఆ నవ్వు కోసమైనా అన్ని వంతెనలూ ఇరుగ్గానే కట్టాలేమో అనిపించేది అద్దాలక్కకి.

పైవాళ్లకి మాత్రం అలా అనిపించలేదు. దీన్ని కూల్చేసి, దిగువన పెద్దరోడ్డు వారగా కొత్త వంతెన కడదామన్నారు. అదే జరిగితే బస్సు ఆ దారిన పోతుంది. ఇటు పక్క ఊళ్లవాళ్లు మిల్లుకి పోవాలన్నా, బడికి పోవాలన్నా, ఆస్పత్రికి పోవాలన్నా, చుట్టూ తిరిగి పెద్దరోడ్డు దాకా నడిచి చావాలి. ఏ సంగతో తేల్చి చెప్పమని ఒక ఇంజనీరమ్మని పంపించారు. చిన్న వయసు పిల్ల. ఎండకి కమిలిన మొహం, బూట్ల నిండా బురద. వంతెన పై నుంచి కింద దాకా చేత్తో తడిమి చూసింది. దీన్ని కూల్చనక్కర్లేదు, బాగుచేస్తే చాలని ఆ అమ్మాయికి అనిపించింది. కానీ అనిపిస్తే సరిపోదు కదా. ఈ పగుళ్లు ఎప్పటివో పాతవా, ఇంకా పెరుగుతున్నాయా అన్నది తేలాలి. అందుకోసం అతికించినవే ఆ గాజుముక్కలు. పగులు కాస్త కదిలినా గాజు ఓర్చుకోలేదు, పుటుక్కున పగులుతుంది. రెండేళ్లు గడిచినా పగలకుండా ఉంటే, వంతెన కదలకుండా ఉన్నట్టే.

ఇదంతా ఇంజనీరమ్మ మేస్త్రికి విడమర్చి చెప్పింది. "పగిలితే ముట్టుకోకండి, నాకు కబురు పెట్టండి" అని కూడా చెప్పింది. ఆయన బుద్ధిగా తలూపాడు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటూ, ఆ చెప్పిందంతా నలిపి చిన్న ఉండ చేసి పెళ్లానికి అప్పజెప్పాడు. "ఏమే, ఇంజనీరమ్మ వంతెనకి అద్దాలు అతికించింది. జాగ్రత్త." మగవాళ్ల సంగతి తెలిసిందే కదా. ఊరంత కబురు మోసుకొచ్చి గుమ్మంలో గుప్పెడు దింపుతారు.

ఆమె జాగ్రత్త పడింది.

మొదటి గాజు పగిలింది చలి మొదలైన రోజుల్లో. తుడవబోతే రెండు ముక్కలై కనిపించింది. పాపం ఆ పిల్ల ఎండలో నిలబడి, పెదవి కొరుక్కుంటూ ఎంత ఒద్దికగా అతికించిందో తను కళ్లారా చూసింది. తిరిగొచ్చి చూస్తే ఎంత నొచ్చుకుంటుంది. పైగా మేస్త్రికి మాట వస్తుంది. అందుకని ఆవలి ఒడ్డున ఫొటోలకి ఫ్రేములు కట్టే అతని దగ్గరికి నడిచి వెళ్లింది.

"ఓ గాజుముక్క కావాలి నాయనా" అంది.

"ఎంత పొడుగు?"

"వేలెడు."

"ఎవరి వేలు? నా వేలు చూడు, నీ వేలు చూడు."

"నా వేలే అనుకో. నీ వేలంత అయితే వంతెన దాటిపోతుంది."

అతను నవ్వి, పక్కన పడేసిన తునకల్లోంచి సరిపడేవి ఏరి, అంచులు అరగదీసి మరీ ఇచ్చాడు. కోసుకుంటుందని కాగితంలో చుట్టి ఇచ్చాడు. ఆమె మొగుడి సంచీలోంచి పిడికెడు సిమెంటు తీసి, నీళ్లతో కలిపి, పాత ముద్ద గీకేసి కొత్త గాజు అతికించింది. చూస్తే ముందు దానికన్నా కుదురుగా వచ్చింది. ఆ తర్వాత ఎప్పుడు ఏది పగిలినా అంతే. మేస్త్రితో ఒక్క మాట అనలేదు. ఆయనకి ఉన్న తలనొప్పులు చాలవా అనుకుంది. ఆయన ఆఫీసుకి పోయినప్పుడల్లా, ఇంజనీరమ్మ అడిగితే "అన్నీ నిక్షేపంలా ఉన్నాయమ్మా" అని ధీమాగా చెప్పి వచ్చేవాడు.

గడువు దగ్గరపడ్డాక ఇంజనీరమ్మ వచ్చింది. అన్ని గాజులూ చూసుకుని వచ్చి, వరండాలో బోర్లించిన డ్రమ్ము మీద కూర్చుంది. పిల్ల మొహం వెలిగిపోతోంది.

"మేస్త్రిగారూ, ఒక్కటి కూడా పగల్లేదు. ఇక రిపోర్టు రాసేస్తాను. వంతెన ఉంటుంది."

"నాదేముందమ్మా. మా ఆవిడే రోజూ కళ్లల్లో పెట్టుకుని చూసింది" అన్నాడు మేస్త్రి. పెళ్లాన్ని నలుగురిలో మెచ్చుకోవడం ఆయనకి అలవాటు లేదు. ఆ మాట అనేసి, సిగ్గుపడి పారల వైపు చూశాడు.

అద్దాలక్క టీ గ్లాసు అందిస్తూ పొంగిపోయింది. "ఎంత మాట. పగిలినవి పగిలినట్టే మార్చేస్తూ వచ్చానమ్మా. మీకు మాట రానిస్తానా."

ఇంజనీరమ్మ గ్లాసు నోటి దాకా తీసుకెళ్లి ఆపేసింది. "మార్చారా?"

"అవునమ్మా. ఫ్రేముల అబ్బాయి ఇచ్చాడు. తేడా తెలిసిందా?"

"తెలియలేదక్కా" అంది ఆ పిల్ల నెమ్మదిగా. "అసలు తెలియలేదు. ఎన్ని మార్చారు?"

"లెక్కపెట్టలేదు. చలికి కొన్ని, వానలకి కొన్ని."

"ఏ పగులు మీదవి?"

"ఏది పగిలితే అదేనమ్మా. అన్నీ ఒక్కలాంటివే కదా."

ఇంజనీరమ్మ గ్లాసు కింద పెట్టి రెండు చేతులతో మొహం కప్పుకుంది. భుజాలు కదిలాయి. నవ్వుతోందో ఏడుస్తోందో వాళ్లిద్దరికీ అర్థం కాలేదు. చేతులు తీశాక చూస్తే రెండూ ఉన్నాయి. ఆ పిల్ల మంచిది. ఒక్క పరుషమైన మాట అనకుండా, గాజు ఎందుకు పెట్టిందో, పగిలితే ఏమిటో, పగలకపోతే ఏమిటో మళ్లీ మొదటినుంచి చెప్పింది. వింటూ వింటూ ఉంటే అద్దాలక్కకి అప్పుడు అర్థమైంది. జ్వరం ఎంతుందో చూడమని బిడ్డ నోట్లో పెట్టిన థర్మామీటరుని, అది పెరిగినప్పుడల్లా చన్నీళ్లలో ముంచి మళ్లీ పెట్టినట్టయిందన్నమాట తను చేసిన సేవ.

"నేను నీకు చెప్పలేదటే?" అన్నాడు మేస్త్రి, ఆ పిల్ల వెళ్లిపోయాక.

"ఏం చెప్పావు? జాగ్రత్త అన్నావు. పడ్డాను. ఇంతకన్నా ఎవరైనా పడతారా?"

ఆయన ఇంకేమీ అనలేదు. తిట్టినా బాగుండును. ఆఫీసులో అందరి ముందూ తను చెప్పి వచ్చిన మాటలన్నీ అబద్ధాలై కూర్చున్నాయని ఆయన బాధ. జీవితంలో కంకర తట్ట ఒకటి తక్కువ వేసి ఎక్కువ చెప్పిన మనిషి కాదు. అన్నం ముందు కూర్చుని కెలికి లేచిపోయేవాడు. ఆమె దేవుడి ముందు కూర్చుని, నా మంచితనం ఇలా మండిందేమిటి స్వామీ అని అడిగింది. దేవుడు ఏమీ అనలేదు. ఆయనా మేస్త్రిలాగే మూగనోము పట్టినట్టున్నాడు అనుకుంది.

ఆఫీసులో పెద్దవాళ్లు ఇంజనీరమ్మని గట్టిగానే చీవాట్లు పెట్టారు. రెండేళ్ల పని ఏట్లో పోసిన పన్నీరైందనీ, వెంటనే వంతెన మూసేసి వానలు తగ్గాక కూల్చేద్దామనీ అన్నారు. ఆ పిల్ల కాళ్లావేళ్లా పడినంత పని చేసి ఒక గడువు తెచ్చుకుంది. మళ్లీ అద్దాలు పెట్టాలి, ఈ వేసవీ వానలూ చలీ చూడాలి. అందాకా వంతెన మీద బరువు పడకూడదు. బస్సు ఖాళీగా దాటాలి. జనం ఇటు దిగి, నడిచి, అటు ఎక్కాలి. నిండు బస్సు వంతెన ఎక్కిందని ఒక్కసారి తెలిసినా ఆ రోజే దారికి అడ్డంగా గొలుసు కట్టేస్తారు.

కొత్త గాజులు అతికించేటప్పుడు ఇంజనీరమ్మ మొగుడూపెళ్లాలిద్దర్నీ దగ్గర నిలబెట్టుకుంది. ప్రతి గాజు పక్కనా ఎర్రరంగుతో గుర్తు వేసింది. "అక్కా, ఈసారి దుమ్ము తుడవండి చాలు" అంది.

"ఊదొచ్చా?"

"ఊదొచ్చు" అంది ఆ పిల్ల నవ్వి.

గాజుల సంగతి తేలికే. మనుషుల సంగతే కష్టం. మొదటిరోజు బస్సు వంతెన ముందు ఆగగానే లోపల గోల మొదలైంది. డ్రైవరు స్టీరింగు మీద మోచేతులు ఆనించి, కిందికి చూసి అన్నాడు. "చెల్లెమ్మా, నీ అద్దాల పుణ్యమా అని నా బస్సుకి నడక నేర్పావు."

"బస్సుకి కాదన్నా, జనానికి."

"ఈ ఎండలో జనం నన్ను కొడతారు."

"నిన్నెందుకు, నేనున్నానుగా."

నిజంగానే ఎవరూ ఊరుకోలేదు. మిల్లుకి పోయే అమ్మాయిలు డబ్బాలు చంకన పెట్టుకుని దిగుతూ, "అద్దాలు మార్చినదానివి, వంతెన కూడా మార్చేస్తే పోయేదిగా అక్కా" అని దెప్పారు. గొడుగు తెచ్చుకోని లెక్కల మాస్టారు రోజూ కనిపించేలా నిట్టూర్చేవాడు. ఆమె అన్నీ పడింది. బస్సు వేళకి వంతెన మొదట్లో నిలబడి, సంచులు అందుకుని, పసిపిల్లల్ని ఎత్తుకుని, తూలే ముసలివాళ్లకి మోచెయ్యి ఇచ్చి అవతలికి దాటించేది. కుండతో నీళ్లు పెట్టింది. మేస్త్రి నోరు విప్పకుండానే, మర్నాడు రోడ్డు పని గొడుగుల్లోంచి పాతవి ఏరి, చిరుగులు కుట్టి, వంతెన మొదట్లో ఓ డ్రమ్ములో నిలబెట్టాడు. ఇటు తీసుకున్న గొడుగు అటు డ్రమ్ములో పెట్టాలి. తిరుగు బస్సులో వచ్చేవాళ్లు వాటిని మళ్లీ ఇటు తెచ్చేవారు. ఎవరూ ఎత్తుకుపోలేదు. మొగుడు తనని క్షమించాడని ఆ కుట్లు చూశాకే ఆమెకి తెలిసింది.

అందరికన్నా ఎక్కువ సతాయించింది కాంపౌండరుగారు. ఆవలి ఆస్పత్రిలో మందులిచ్చీ ఇచ్చీ రిటైరైన మనిషి. మోకాలు సరిగా వంగదు. ఇంట్లో ఒక్కడే. రోజూ పొద్దున బస్సెక్కి టౌన్లో లైబ్రరీకి పోయి, పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివి వస్తాడు. ఎవరితోనూ మాట కలపడు.

"ఏమ్మా అద్దాలూ, నా మోకాలికి కూడా ఓ గాజుముక్క అతికించకపోయావా" అన్నాడు మొదటిరోజు, కర్ర తాటిస్తూ దిగి.

"అతికిస్తాను బాబాయ్, మీరు కదలకుండా ఉంటానంటే."

"కదలకుండా ఉండాలంటే నువ్వు దింపకుండా ఉండాలి."

ఆయన నడకకి తన నడక తగ్గించుకుని పక్కనే నడిచింది. మొదట్లో పక్క అరుగుల దగ్గర ఆగి ఆగి, వంతెననీ ఆఫీసునీ ఆమెనీ వరసపెట్టి తిట్టేవాడు. తిట్టడానికైనా ఓ మనిషి దొరికింది కదా. కొన్నాళ్లకి తిట్లు అయిపోయి కబుర్లు మొదలయ్యాయి. మిల్లు అమ్మాయిల్లో ఒకతె ఎప్పుడూ దగ్గుతుంటే, ఆపి, నాలుక చూపించమని, ఆస్పత్రికి పొమ్మని బెదిరించి పంపాడు. అప్పటినుంచి ఆ పిల్లలు ఆయన్ని ఒంటరిగా నడవనిచ్చేవారు కాదు. లెక్కల మాస్టారు ఆయన చేతి సంచీ పుచ్చుకుని, నిన్నటి పేపర్లో ఏముందో చెప్పించుకునేవాడు. ఒకే బస్సులో ఏళ్ల తరబడి ఒకరి వీపు ఒకరు చూస్తూ ప్రయాణం చేసినవాళ్లు, వంతెన మీద మొహాలు చూసుకుంటున్నారు.

అంతా సాఫీగా సాగిందని అనలేం. వానలు పట్టాక ఒక పొద్దున మబ్బు విరిగి మీద పడ్డట్టు కురిసింది. ఏరు ఎర్రగా పొంగి కమానుల మొదళ్లని కొడుతోంది. బస్సు కిటకిటలాడుతూ వచ్చి ఆగింది. ఎవరూ దిగలేదు.

"ఈ ఒక్కరోజుకీ వదిలేయ్ చెల్లెమ్మా" అన్నాడు డ్రైవరు, అద్దం కాస్త దించి. "చూసేవాళ్లెవరున్నారు."

అతను చెడ్డవాడు కాదు. లోపల తడిసిన పిల్లలున్నారు, ఆ పిల్లల తల్లులున్నారు. ఆమె తల మీద గుడ్డ తడిసి ముద్దయి మొహానికి అంటుకుంది. వంతెన మీద బరువు ఎక్కకూడని రోజంటూ ఉంటే అది ఇదే. గట్టిగా అరుద్దామనుకుంది, అరుపు వానలో కలిసిపోతుంది. బస్సుకి అడ్డంగా నిలబడదామనుకుంది, అది బలవంతం అవుతుంది. మనసులో స్వామీ అనుకుని బస్సెక్కింది. ముందు సీట్లో కాంపౌండరుగారు కర్ర మీద గడ్డం ఆనించి కూర్చున్నాడు.

"బాబాయ్, దిగుదాం రండి."

"మతి పోయిందా. ఈ వానలోనా, ఈ మోకాలితోనా?"

"మీరు దిగితే అందరూ దిగుతారు. మీరు దిగకపోతే ఎవర్నీ దిగమని అడిగే మొహం నాకు లేదు."

ఆయన కిటికీలోంచి ఏటి వైపు చూశాడు. తర్వాత కర్ర నేలకి కొట్టాడు. "పట్టుకో. జారితే మాత్రం నీ మీదే పడతాను."

"పడండి. నేను మెత్తగానే ఉంటాను."

బస్సులో ఎవరో కిసుక్కుమన్నారు. ముసలాయన మెట్టు దిగి కాలు వానలో పెట్టేసరికి, వెనక మాస్టారు లేచాడు, మిల్లు అమ్మాయిలు లేచారు, తల్లులు పిల్లల్ని గొడుగుల కిందికి లాక్కుని లేచారు. ఖాళీ బస్సు నెమ్మదిగా వాళ్ల వెనకే, హారను కొట్టకుండా, పెద్ద పశువు ఇంటికి నడిచి వచ్చినట్టు వచ్చింది. ఆవల ఎక్కాక డ్రైవరు తన తువ్వాలు తీసి కాంపౌండరుగారికి ఇచ్చాడు, తల తుడుచుకోమని. ఆ తర్వాత ఎప్పుడూ అతను "ఈ ఒక్కరోజుకీ" అనలేదు.

చలి మొదలయ్యాక ఒక పొద్దున గాజు పగిలింది.

వంతెన చివర, ఒడ్డు మట్టిని ఆపే పక్కగోడ మీది గాజు. నిలువునా చీలి, సగం వేలాడుతోంది. ఆమె చేతిలో తడిగుడ్డ అలాగే ఉండిపోయింది. ఎన్ని రోజుల ఎండ, ఎన్ని రోజుల వాన, అందరి కాళ్లూ అరగదీయించి చివరికి ఇలాగా. చెయ్యి ఒక్కసారి దానంతట అదే ముందుకు పోయింది. ఫ్రేముల అబ్బాయి ఇచ్చిన తునకలు ఇంట్లో కాగితం పొట్లంలో ఇంకా ఉన్నాయి. టీ కాగేలోగా పని అయిపోతుంది. బస్సూ ఆగదు, వంతెనా పోదు, ఎవరికీ తెలియదు. కానీ గోడ ఒరిగితే దాని పక్కన నడిచేది ఎవరో ఆమెకి తెలుసు. ఒక్కొక్కరి చెయ్యీ తను పట్టుకుని దాటించింది. ఆమె చేతులు వెనక్కి కట్టుకుని ఇంటి వైపు పరిగెత్తింది.

"ఏమయ్యా, పగిలింది."

మేస్త్రి పళ్లు తోముకుంటున్నవాడు ఆగిపోయాడు. "ముట్టుకున్నావా?"

"కళ్లతో ముట్టుకున్నా. అంతే."

ఆయన నోరు పుక్కిలించి, చొక్కా వేసుకుని, టీ కూడా తాగకుండా ఆఫీసుకి బయలుదేరాడు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "నువ్వేం భయపడకు. ఈసారి నిజమే చెప్తున్నాం కదా" అన్నాడు. ఆ మాట ఆమెకి పొద్దంతా పట్టుగొమ్మై నిలిచింది.

ఇంజనీరమ్మ ఎండ నెత్తికెక్కేలోపే వచ్చింది. పగిలినదాని ముందు గొంతుక్కూర్చుని చూసింది. కింద మట్టిలో ఊచ దింపి చూసింది. తర్వాత తాడు కట్టుకుని కమానుల పక్కకి దిగి, అక్కడి గాజులన్నీ ఒక్కొక్కటీ చూసింది. అద్దాలక్క పైన రెయిలింగు పట్టుకుని, నోట్లో దేవుడి పేరు తిప్పుకుంటూ నిలబడింది. ఆ పిల్ల పైకొచ్చి చేతులు దులుపుకుంది.

"కమానులు రాయిలా ఉన్నాయక్కా. ఒక్కటి కదల్లేదు. పక్కగోడ కింద నీళ్లు మట్టిని తినేశాయి, అది కాస్త కుంగుతోంది. గోడ తీసి మళ్లీ కట్టుకోవచ్చు. జబ్బు చెప్పుకే, కాలికి కాదు."

"మరి ఆఫీసువాళ్లు నమ్ముతారా అమ్మా? పోయినసారి కూడా కమాను మీద గాజులు పగల్లేదనే చెప్పాం" అన్నాడు మేస్త్రి, తల దించుకుని.

"నమ్ముతారు. ఇది పగిలిందని మీరే వచ్చి చెప్పారు కదా. పగిలినదాన్ని దాచనివాళ్లు, పగలనివి పగల్లేదంటే ఎందుకు నమ్మరు?"

మేస్త్రి రుమాలు తీసి ముక్కు చీదుకున్నాడు. చలి అన్నాడు. చలి నిజంగానే ఉంది కాబట్టి ఆడవాళ్లిద్దరూ ఏమీ అనలేదు.

అలా వంతెన నిలిచింది. కుంగిన గోడ తీసేసి, కింద రాళ్లు పేర్చి, కొత్త గోడ పోశారు. నీళ్లు పోవడానికి దారి వదిలారు. పని జరిగినన్నాళ్లూ బస్సు ఖాళీగానే దాటింది, జనం నడిచారు. ఎవరూ దాన్ని కష్టం అనడం మానేసి చాలాకాలమైంది. ఆఖరికి ఒక రోజు ఆఫీసు నుంచి కాగితం వచ్చింది, బస్సు నిండుగా పోవచ్చని. పోత గోడకి ఇంకా తడి వాసన పోలేదు.

మర్నాడు పొద్దున బస్సు వచ్చేసరికి అద్దాలక్క అలవాటుగా వంతెన మొదట్లో నిలబడి ఉంది. డ్రైవరు ఆమెని చూసి నవ్వి బ్రేకు తొక్కాడు. "ఇక నీకు సెలవు చెల్లెమ్మా. ఇవాళ్టినుంచి అందరూ కూర్చునే పోతారు."

ముందు సీట్లో కాంపౌండరుగారు కూర్చుని ఉన్నాడు. శుభ్రంగా గడ్డం గీసుకున్నాడు. కర్ర మోకాళ్ల మధ్య పెట్టుకుని నేరుగా ముందుకే చూస్తున్నాడు, ఎవరితోనూ మాట కలపని రోజుల్లో చూసినట్టు. వెనక వరసల్లో మిల్లు అమ్మాయిలు ఆయన వీపునే చూస్తున్నారు. మాస్టారు దిగాలా వద్దా అన్నట్టు సంచీ ఒళ్లోకి తీసుకుని, మళ్లీ పక్కన పెట్టుకున్నాడు.

ఆమె డ్రైవరు కిటికీ దగ్గరికి వచ్చి, మునివేళ్ల మీద లేచి, లోపలివాళ్లకి వినిపించకుండా గొంతు తగ్గించింది.

"అన్నా, ఓ సాయం చేసిపెట్టు. పొద్దున బస్సుకి మాత్రమే, వాన లేని రోజుల్లో మాత్రమే. నీకు ఆలస్యమైతే నా పేరు చెప్పు, ఎవరేమన్నా నేను పడతాను. ఇక్కడ ఆపి, నడిచేవాళ్లుంటే దిగండి, అవతల ఎక్కించుకుంటానని ఒక్క కేక వెయ్యి. ముసలాయన దిగుతాడు చూడు. ఆయనంతట ఆయన నోరు తెరిచి అడిగే మనిషి కాదు, అందుకే నేను అడుగుతున్నా."